వెనక్కి పోయిన డబ్బు: చార్జ్‌బ్యాక్ మీద ఎప్పుడు వాదించాలి, ఎప్పుడు వదిలేయాలి

సంక్రాంతికి ఆత్రేయపురం నుంచి బెంగళూరు వెళ్లిన పూతరేకుల పెట్టె మీద ఏప్రిల్లోనో మే మొదట్లోనో గొడవ రావచ్చు. అప్పటికి ఆ పెట్టె కట్టిన అమ్మాయి పని మానేసి ఉండొచ్చు. కొరియర్ రసీదు ఎక్కడుందో తెలియదు. కొన్నది ఎవరో కూడా గుర్తుండదు. ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని దుకాణం ఖాతాకి చేర్చే పేమెంట్ గేట్‌వే సంస్థ నుంచి మాత్రం మెయిల్ వస్తుంది: కస్టమర్ తన బ్యాంకులో ఫిర్యాదు చేశారు, ఆ అమ్మకం డబ్బు పట్టి ఉంచాం, ఫలానా తేదీలోగా జవాబు పంపండి. కార్డుతో కొన్నవారికి ఇలా ఫిర్యాదు చేయడానికి సాధారణంగా 120 రోజుల దాకా గడువు ఉంటుంది. సరుకు అందలేదన్న ఫిర్యాదుకైతే ఆ లెక్క, సరుకు అందాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. అమ్మినవారి చేతిలో ఉండేది చాలాసార్లు వారం, పది రోజులే.

దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. రావులపాలెం దగ్గర హైవే పక్కన పూతరేకులు అమ్మేవారు కూడా ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని పేమెంట్ లింకు పంపుతున్నారు. తాపేశ్వరం కాజా, కడియం మొక్క, నరసాపురం లేసు, దిండిలో గోదావరి ఒడ్డున గది, అన్నీ ఫోన్లోనే అమ్ముడవుతున్నాయి. సరుకు తయారీలో ఇక్కడివారికి ఉన్న అనుభవం తరాలది. అమ్మేసిన సరుకు డబ్బు నాలుగు నెలల తర్వాత వెనక్కి పోవడం మాత్రం కొత్త.

మెయిల్ రాగానే మనుషులు రెండు రకాలుగా కదులుతారు. కొందరికి అది పరువు సమస్య. "మా సరుకుకి వంక పెడతారా" అని వచ్చిన ప్రతి ఫిర్యాదు మీదా వాదనకు దిగుతారు, కోపం నిండిన నాలుగు పేజీల జవాబు రాస్తారు, ఓడిపోతారు. ఇంకొందరు ఇంగ్లిష్ మెయిల్ చూసి "పోతే పోయిందిలే" అని ఊరుకుంటారు. గడువులోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, డబ్బు కస్టమర్‌కి వెళ్లిపోతుంది. రెండు దారుల్లోనూ నష్టమే. వాదించాలా వద్దా అన్నది కోపాన్ని బట్టో, పోయిన మొత్తాన్ని బట్టో తేల్చే విషయం కాదు. ఫిర్యాదులో ఏ కారణం రాశారు, ఆ కారణానికి సరిగ్గా జవాబు చెప్పే కాగితం చేతిలో ఉందా, ముందు చూడాల్సింది ఈ రెండే.

ఎందుకంటే తీర్పు చెప్పేవారు పెట్టె విప్పి చూడరు. కస్టమర్‌కి కార్డు ఇచ్చిన బ్యాంకు ఫిర్యాదు తీసుకుని, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ ద్వారా అమ్మినవారి వైపు బ్యాంకుకి పంపుతుంది. అక్కడి నుంచి గేట్‌వేకి, గేట్‌వే నుంచి దుకాణానికి వస్తుంది. జవాబు అదే దారిలో వెనక్కి వెళ్తుంది. ఆ దారిలో కూర్చున్నవారెవరూ పూతరేకు రుచి చూసినవారు కారు, కడియం మట్టి తెలిసినవారు కారు. రోజుకి ఎన్నో ఫైళ్లు చూసే ఉద్యోగి ముందు ఈ ఫైలు ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్దిసేపట్లో ఆయనకి కనిపించేదే ఆధారం.

ప్రతి చార్జ్‌బ్యాక్‌కీ ఒక కారణం నంబరు ఉంటుంది. వీసా వీటిని నాలుగు గుంపులు చేసింది: 10తో మొదలయ్యేవి మోసం, 11 అనుమతి లోపాలు, 12 లెక్కల్లో పొరపాట్లు, 13 సరుకు లేదా సేవ మీద ఫిర్యాదులు. మెయిల్‌లో అన్నిటికన్నా ముందు చదవాల్సిన మాట ఇదే, చాలామంది చదవకుండా వదిలేసేదీ ఇదే. "ఆ కొనుగోలు నేను చేయలేదు" అన్న ఫిర్యాదుకి పార్సిల్ బాగా కట్టామన్న ఫొటో జవాబు కాదు. "విరిగిపోయి వచ్చింది" అన్న ఫిర్యాదుకి డెలివరీ సంతకం జవాబు కాదు. ఓడిపోయే జవాబుల్లో పెద్ద భాగం అబద్ధాలేమీ కావు. అడిగినదానికి కాక వేరేదానికి చెప్పిన నిజాలు.

మోసం ఫిర్యాదునే ముందు చూద్దాం. మన దేశంలో ఇచ్చిన కార్డుతో మన దేశంలోనే ఆన్‌లైన్‌లో కొంటే ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2009లోనే నియమం పెట్టింది. ఓటీపీ కొట్టి చేసిన చెల్లింపు మీద "నేను చేయలేదు" అన్న ఫిర్యాదు వస్తే ఆ భారం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుదే, అమ్మినవారిది కాదు. అలాంటి కేసు వచ్చినప్పుడు గేట్‌వే దగ్గర ధ్రువీకరణ రికార్డు అడిగి తీసుకుని జతచేస్తే చాలు. తప్పకుండా వాదించాల్సిన కేసు ఇది. అయితే ఓటీపీ రక్షణ మోసం ఫిర్యాదుకే పనికొస్తుంది. కస్టమర్ ఓటీపీ కొట్టినా, సరుకు రాలేదనో బాగాలేదనో చెప్పే హక్కు ఆయనకి అలాగే ఉంటుంది. "ఓటీపీ కొట్టారు కదా, ఇంకేం అడుగుతారు" అన్న ధీమాతో ఊరుకుని డబ్బు పోగొట్టుకున్నాక, అన్యాయం జరిగిందని బాధపడటం వల్ల ఉపయోగం లేదు.

నరసాపురం లేసు కథ వేరు. మిషనరీల కాలం నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు అల్లిన లేసు సముద్రాలు దాటుతోంది. విదేశీ కొనుగోలుదారుల కార్డుల్లో చాలావాటికి ఓటీపీ అడగకుండానే చెల్లింపు అయిపోతుంది. అప్పుడు మోసం ఫిర్యాదు వస్తే భారం అమ్మినవారి మీదే పడుతుంది. సరుకు ఆ ఇంటికే చేరిందన్న రుజువు ఒక్కటే ఉన్నా నెగ్గడం కష్టం, ఎందుకంటే దొంగిలించిన కార్డుతో కొన్నవారు కూడా ఏదో ఒక చిరునామాకే తెప్పించుకుంటారు. పాత కస్టమర్ అయితే ఒక మంచి దారి ఉంది. వీసా 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం, అదే కార్డుతో 120 రోజులకు ముందు, ఏడాది లోపు జరిగిన రెండు గొడవలేని కొనుగోళ్లు చూపించి, ఇప్పటి కొనుగోలుతో వివరాలు సరిపోతున్నాయని రుజువు చేయగలిగితే బలం అమ్మినవారి వైపు తిరుగుతుంది. సరిపోవాల్సిన వివరాల్లో ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ని గుర్తించే నంబరు) గానీ, ఫోన్ లేదా కంప్యూటర్ గుర్తింపు గానీ ఒకటి ఉండాలి. లాగిన్, డెలివరీ చిరునామా లాంటివి దానికి తోడు. వాట్సాప్‌లో మాట్లాడి ఊరికే లింకు పంపితే దుకాణం దగ్గర ఇవేవీ మిగలవు. ఏటేటా తెప్పించుకునే విదేశీ కొనుగోలుదారులు ఉన్నవారు సొంత వెబ్‌సైట్ ద్వారా ఆర్డరు తీసుకుంటే ఆ రికార్డు దానంతటదే తయారవుతుంది. విదేశీ కార్డులకు కూడా అదనపు ధ్రువీకరణ పెట్టమని గేట్‌వేని అడగడం ఇంకో జాగ్రత్త. దాని వల్ల ఒకరిద్దరు కొనుగోలుదారులు మధ్యలో ఆగిపోవచ్చు. పెద్ద ఆర్డర్లకు ఆ నష్టం భరించదగిందే.

మోసం అన్న పేరుతో వచ్చేవాటిలో అసలు మోసం లేనివీ ఉంటాయి. బోర్డు మీద ఒక పేరు, బ్యాంకు ఖాతా ఇంకో పేరు. కస్టమర్ నెలాఖరులో స్టేట్‌మెంట్ చూసుకుంటే ఎన్నడూ వినని మనిషి పేరు మీద ₹1,800 పోయినట్టు కనిపిస్తుంది, భయపడి బ్యాంకుకి ఫోన్ చేస్తారు. అందులో ఆయన తప్పు లేదు. స్టేట్‌మెంట్‌లో దుకాణం పేరే కనిపించేలా మార్చమని గేట్‌వేని అడగడం, బిల్లు మెసేజ్‌లో "స్టేట్‌మెంట్‌లో ఈ పేరు కనిపిస్తుంది" అని ఒక వాక్యం రాయడం, ఈ రెండింటికీ ఖర్చు లేదు.

సరుకు అందలేదన్న ఫిర్యాదులో ఆధారం ఉంటే గెలుపు దాదాపు ఖాయం, లేకపోతే ఓటమి అంతకన్నా ఖాయం. కస్టమర్ ఇచ్చిన చిరునామాకే చేరినట్టు, ఏ రోజు చేరిందో తెలిసేట్టు కొరియర్ రికార్డు కావాలి. బుకింగ్ రసీదు చాలదు, అది పంపినట్టే చెబుతుంది, చేరినట్టు చెప్పదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఇచ్చి ఉంటే అలా ఇమ్మని కస్టమర్ చెప్పిన మెసేజ్ కూడా కావాలి. స్పీడ్ పోస్టులో 2025 అక్టోబరు నుంచి ఓటీపీ చెప్పాకే పార్సిల్ ఇచ్చే సౌకర్యం వచ్చింది. ఖరీదైన పెట్టెలకు దాన్ని వాడటం మంచిది.

ఇక్కడ గోదావరి డెల్టాకి ప్రత్యేకమైన చిక్కు వరద. జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక దాకా వెళ్లే సరికి కోనసీమ లంకల్లో కాజ్‌వేలు మునిగి, పార్సిల్ బండి ఊరి నుంచి కదలదు. అమ్మినవారికి ఇది కళ్లెదుట కనిపించే నిజం. కానీ "వరద వచ్చింది" అన్నది చార్జ్‌బ్యాక్‌కి జవాబు కాదు. చెప్పిన రోజుకి సరుకు చేరలేదు, అంతే లెక్క. హెచ్చరిక రాగానే ఆర్డరు పెట్టినవారందరికీ "పార్సిల్ ఆలస్యమవుతుందండి, ఫలానా తేదీ దాకా ఆగుతారా, డబ్బు వెనక్కి పంపమంటారా" అని రాసి పంపాలి. ఆగుతామని వచ్చిన జవాబే రేపటి ఆధారం. దిండిలో గది, పడవ బుక్ చేసుకున్నవారి విషయంలోనూ అంతే. నది పోటు మీద ఉందని నిర్వాహకులే పడవ ఆపేస్తే, సేవ ఇవ్వలేదు కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే, వాదనకు చోటు లేదు. కస్టమర్ రాకుండా ఊరుకుంటే మాట వేరు. రద్దు షరతులు చెల్లింపుకి ముందే చూపించి, ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టించి ఉంటే వాదించవచ్చు. గదిలో గోడకి అంటించిన కాగితం పనికిరాదు, డబ్బు కట్టేటప్పుడు ఆయన దాన్ని చూడలేదు కదా.

అన్నిటికన్నా నలిగేది "చెప్పినట్టు లేదు, పాడైపోయింది" అన్న ఫిర్యాదుతోనే. బియ్యప్పిండి నీళ్లతో కాలిన కుండ మీద తీసిన రేకు ఎంత పలచనిదో ఇక్కడ అందరికీ తెలుసు. రెండు లారీలు మారి, మూడు గోదాముల్లో పడేసిన పెట్టెలో అది నిలవదు. కస్టమర్ పొడి పొడి అయిన పెట్టె ఫొటో పంపి ఉంటే, కట్టేటప్పుడు బాగానే ఉందన్న ఫొటోతో వాదించడం దండగ. దారిలో విరిగితే బాధ్యత అమ్మినవారిదే, కొరియర్‌తో తేల్చుకోవాల్సిందీ వారే. ఇలాంటి కేసు ఒప్పేసుకుని, ప్యాకింగ్ మార్చుకోవడం మేలు. కడియం మొక్కలకీ ఇదే వర్తిస్తుంది. వాడిపోయిన ఆకు ఫొటో ముందు నర్సరీలో తీసిన పచ్చని ఫొటో నిలవదు. కానీ మొక్క చేరిన 40 రోజులకి చచ్చిపోయిందన్న ఫిర్యాదు అయితే, చేరిన రోజు పెట్టె విప్పుతూ తీసిన అన్‌బాక్సింగ్ వీడియో పంపమని ముందే అడిగి ఉంటే, ఆ వీడియోలో మొక్క ఏపుగా ఉంటే, గట్టిగా వాదించవచ్చు. రుచి నచ్చలేదు, రంగు అనుకున్నట్టు లేదు అన్న ఫిర్యాదుల్లో అమ్మకం పేజీలో ఏం రాశారన్నదే నిర్ణయిస్తుంది. బెల్లం పూతరేకులని రాసి పంచదారవి పంపితే ఓటమే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఎక్కడో చుట్టిన రేకుల పెట్టె మీద ఆ ఊరి పేరు వేసి అమ్మేవారికి ఈ ఫిర్యాదు ఎదురైతే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా.

రెండుసార్లు డబ్బు కట్ అయిందన్న ఫిర్యాదు లెక్కతో తేలేది. ఆర్డర్లు రెండా, ఒకటా చూసుకోవాలి. ఒకటే అయితే ఒప్పుకోవాలి. రిఫండ్ ఇస్తామని ఇవ్వలేదన్న ఫిర్యాదుకి, ఇచ్చి ఉంటే ఆ రిఫండ్ రెఫరెన్స్ నంబరు, తేదీ పంపితే సరిపోతుంది. ఇక్కడే చాలామంది రెండు విధాలా నష్టపోతున్నారు. చార్జ్‌బ్యాక్ పడ్డాక కస్టమర్‌కి ఫోన్ చేసి, గొడవెందుకని వేరేగా డబ్బు పంపేస్తారు. ఆ తర్వాత గడువు మర్చిపోతారు. ఒకే పెట్టెకి రెండుసార్లు డబ్బు పోతుంది. ఒకసారి చార్జ్‌బ్యాక్ మొదలయ్యాక విడిగా రిఫండ్ ఇవ్వకూడదు. కస్టమర్‌తో మాట్లాడటం మంచిదే. ఆయన "అయ్యో, మా అబ్బాయి తెప్పించాడట, నాకు తెలియదు" అంటే, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తన బ్యాంకుకి రాసి, ఆ కాపీ పంపమనాలి. అది చేతికి వచ్చినా, రాకపోయినా గడువులోగా జవాబు మాత్రం పంపి తీరాలి.

ఇక లెక్క. గేట్‌వే వసూలు చేసే చార్జ్‌బ్యాక్ ఫీజు చాలా ఒప్పందాల్లో గెలిచినా తిరిగి రాదు. మీ ఒప్పందమూ అలాంటిదే అయితే, వాదించాలా వద్దా అన్న లెక్కలో ఆ ఫీజుకి చోటు ఇవ్వకూడదు, అది ఎలాగూ పోయింది. మిగిలేవి మూడు: అమ్మకం మొత్తం, గెలిచే అవకాశం, పట్టే సమయం. ఉదాహరణకి ₹2,400 ఆర్డరు, ఆధారం సగం సగం. గెలిచే అవకాశం నాలుగోవంతు అనుకుంటే ఆ వాదన విలువ ₹600. దానికోసం దసరా ముందు రెండు పూటలు కాగితాలు వెతకడం కన్నా పొయ్యి దగ్గర ఉండటమే లాభం. అదే కాగితాలన్నీ ఒక్క చోట ఉండి, జవాబు పావుగంటలో తయారయ్యేదైతే ₹600 పెట్టె మీద కూడా వాదించాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కాబట్టి, అబద్ధపు ఫిర్యాదు చేసినవారు మళ్లీ చేస్తారు. బొటాబొటీ ఆధారంతో మాత్రం దిగకూడదు.

మొదటి జవాబుతో గొడవ ముగియకపోవచ్చు. కస్టమర్ బ్యాంకు రెండోసారి తిరగ్గొట్టవచ్చు, ఆపైన నెట్‌వర్క్ దగ్గర మధ్యవర్తిత్వం దాకా వెళ్లవచ్చు. అక్కడ ఓడినవారు కట్టాల్సిన ఫీజు వందల డాలర్లలో ఉంటుంది. పెద్ద లేసు ఎగుమతి ఆర్డరు కాకపోతే రెండో మెట్టు దగ్గర ఆగిపోవడమే వివేకం. అయితే చార్జ్‌బ్యాక్ ఓడినంత మాత్రాన చట్టం ముందు బాకీ చెరిగిపోయినట్టు కాదు. సరుకు తీసుకుని అబద్ధం చెప్పినవారికి లాయర్ నోటీసు పంపే దారి ఉంటుంది. మొత్తం పెద్దదైతే ఆలోచించదగ్గదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గెలిచిన చార్జ్‌బ్యాక్ కూడా కార్డు నెట్‌వర్క్‌ల దగ్గర దుకాణం లెక్కలో ఒకటిగానే పడుతుంది. నెలకి వంద ఆర్డర్లు పంపే చిన్న దుకాణానికి ఒక్క ఫిర్యాదు వస్తే అదే ఒక శాతం. ఈ శాతం పెరిగితే గేట్‌వే డబ్బు జమ చేయడం ఆలస్యం చేయొచ్చు, ఖాతానే మూసేయొచ్చు. అందుకే కస్టమర్ బ్యాంకుకి వెళ్లకముందే, "పెట్టె విరిగింది" అని వాట్సాప్‌లో రాసిన రోజే రిఫండ్ ఇవ్వడం, తర్వాత వాదించి గెలవడం కన్నా చౌక. ఫోన్ ఎత్తని దుకాణాలకే చార్జ్‌బ్యాక్‌లు ఎక్కువ పడతాయన్నది సులభంగా అర్థమయ్యే విషయం.

వాదించాలని తేల్చుకున్నాక జవాబు ఒక పేజీ దాటకూడదు. మొదటి వాక్యంలోనే అసలు సంగతి ఉండాలి: ఫలానా తేదీన ఫలానా చిరునామాకి పార్సిల్ చేరింది, ట్రాకింగ్ నంబరు ఇది, జత 1 చూడండి. ఆ కింద బిల్లు, చెల్లింపు వివరం, కొరియర్ రికార్డు, మాటల స్క్రీన్‌షాట్లు వరుస నంబర్లతో. కస్టమర్ గుణగణాల మీద ఒక్క మాట కూడా అక్కర్లేదు. మన వాట్సాప్ మాటలు తెలుగులోనో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులోనో ఉంటాయి. ముంబయిలోనో చెన్నైలోనో ఫైలు చూసేవారికి "అందిందండి, చాలా బాగున్నాయి" అన్న మాట ఎంత గొప్ప ఆధారమైనా అర్థం కాదు. స్క్రీన్‌షాట్ పక్కనే దాని ఇంగ్లిష్ అర్థం రాయాలి, తేదీ, ఫోన్ నంబరు కనిపించేట్టు ఉంచాలి. వాయిస్ మెసేజ్‌ని ఎవరూ విని చూడరు. కస్టమర్ వాయిస్‌లో చెబితే, "ఒక్క మాట టైపు చేసి పెట్టండి" అని అప్పుడే అడగాలి.

యూపీఐ గొడవలు కొంచెం వేరు. ఎక్కువగా వచ్చేది, డబ్బు కట్ అయింది, దుకాణానికి చేరలేదు అన్నదే. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ప్రకారం ఇలాంటి డబ్బు 5 రోజుల్లోగా దానంతటదే కస్టమర్‌కి తిరిగి వెళ్లాలి, ఆలస్యమైతే రోజుకి ₹100 పరిహారం. హైవే మీద కారు ఆపి కొనేవారితో జరిగేది ఇది: స్కాన్ చేస్తే పెండింగ్ చూపిస్తుంది, తొందరలో నగదు ఇచ్చి వెళ్లిపోతారు, గంట తర్వాత యూపీఐ డబ్బు కూడా పడుతుంది. ఆ రెండో డబ్బు మీద ఫిర్యాదు వస్తే వాదించకూడదు, అది వారిదే. సరుకు ఇచ్చి, డబ్బు ఒక్కసారే అందుకున్న కేసైతే 12 అంకెల యూపీఐ రెఫరెన్స్ నంబరు, బిల్లు జతచేసి బ్యాంకుకి ఇవ్వాలి.

ఖాతాలో డబ్బు ఆగిపోయిన ప్రతిసారీ అది చార్జ్‌బ్యాక్ కాదు. ఎవరో సైబర్ మోసంలో పోగొట్టుకున్న డబ్బు చేతులు మారి దుకాణం ఖాతాకి వచ్చి ఉంటే, బాధితులు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే ఆ మొత్తాన్ని బ్యాంకు ఆపేస్తుంది. దానికి గేట్‌వేకి జవాబు రాసి లాభం లేదు. బ్యాంకు దగ్గర ఫిర్యాదు నంబరు, ఏ పోలీస్ స్టేషనో తెలుసుకుని, సరుకు అమ్మినట్టు బిల్లు, డెలివరీ రుజువు అక్కడికి పంపాలి. భయం కలిగించే విషయమే, కానీ కావాల్సిన కాగితాలు మాత్రం అవే.

ఆ కాగితాలు మెయిల్ వచ్చాక పుట్టవు. ఆర్డరు నంబరు పేరుతో ఫోన్లో ఒక ఫోల్డరు, అందులో బిల్లు, కట్టేముందు తీసిన ఫొటో, తూకం కనిపించే కొరియర్ రసీదు ఉండాలి. పార్సిల్ చేరిన రోజే ట్రాకింగ్ పేజీని పీడీఎఫ్ చేసి అందులోనే పెట్టాలి, ఎందుకంటే కొన్ని నెలలు పోయాక వెతికితే ఆ పేజీ కొరియర్ సైట్‌లో కనిపించకపోవచ్చు. పండగ రద్దీలో ఇది ఎవరో ఒకరి పనిగా పేరు పెట్టి అప్పగిస్తే తప్ప జరగదు. పెట్టెలు లెక్కపెట్టే మనిషికే ఈ పనీ అప్పగించవచ్చు. సంక్రాంతి ఆర్డర్ల ఫోల్డర్లు కనీసం మే నెలాఖరు దాకా, ముందస్తు బుకింగులైతే బస చేయాల్సిన తేదీ నుంచి ఇంకో నాలుగైదు నెలల దాకా చెరిపేయకూడదు.